చెప్పుకొనలేని వ్యాధి – సిపాయి హక్కు

గ్రామపెద్దలారా,

ఈనాటి నా ప్రసంగమునకు విషయములు రెండు. ఫౌజునుండి తిరిగివచ్చిన సిపాయిలకు పెద్దవయసున కలుగు మూత్రబాధ యొకటి. ఆ బాధను గూర్చి సర్కారునుండి వారికి రాదగినదేమి, రాదగనిదేమి యనునది రెండవది. మొదటిది నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడు విషయము. రెండవది కాగితములలో చిక్కుకొన్న విషయము. సిగ్గువలన మాట వెలువడదు. మాట వెలువడనందున కాగితము పుట్టదు. కాగితము లేనందున హక్కు నిలువదు. ఈ మూడు ముళ్ల నొక్కొక్కటిగా విప్పి చూపుట నా యుద్దేశము.

ఈ మాటలు సిపాయిలకు గాక పెద్దలైన మీకేల చెప్పుచున్నానని యడుగుదురేమో. నేను కోస్గి ప్రాంతపువాడను. బడిపంతులుగా నుండి విరమించిన పిమ్మట నలుగురికి అర్జీలు వ్రాసిపెట్టుచు కాలము గడపుచున్నాను. మా ప్రక్క ఎర్రనేలలు, చెలకలు. పండునవి జొన్నలు, కందులు. వాన తప్పినచో బొంబాయికో పూనాకో వలస పోవుట వాడుక. ఆ వలస పోవువారి నడుమ ఊరికొక్కరో యిద్దరో ఫౌజులో చేరి, పదునైదు పదునేడేండ్లు కాశ్మీరమునను, అస్సామునను, రాజస్థానపు ఇసుకలలోను గడిపి, చిన్న పింఛనుతో ఇల్లు చేరినవారు గలరు. వారికి సర్కారునుండి ఉత్తరము వచ్చినచో అది హిందీలోనో ఇంగ్లీషులోనో యుండును. దానిని చదివించుకొనుటకు వారు పెద్దల వాకిటికే వత్తురు. కాబట్టి ఆ ఉత్తరమున నేమున్నదో, దానికి బదులేమి వ్రాయవలెనో మీకు తెలిసియుండుట మంచిది.

కోస్గి యొకప్పుడు సాలార్ జంగు జాగీరులోని తాలూకా. గుల్బర్గా జిల్లాతో ముడిపడియుండిన ఈ సీమ 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ పిమ్మట మహబూబునగరు జిల్లాలో చేరినది. 2019నుండి నారాయణపేట జిల్లాలో నున్నది. హైదరాబాదు సంస్థానమునుండి ఫౌజునకు పోవుట క్రొత్త సంగతి గాదు. 1941 డిసెంబరులో జపాను సైన్యము మలయా తీరమున దిగినప్పుడు కోటబారు విమానరంగమును కావలికాచినవారిలో హైదరాబాదు సంస్థానపు పదాతిదళమును గలదు. అప్పటివారిలో నేడు మన నడుమ మిగిలియుండుట అరుదు. 1971 యుద్ధమున కుఱ్ఱవాండ్రుగా నుండినవారు డెబ్బది దాటిరి. 1987లో శ్రీలంకకు పోయినవారికి అరువది వచ్చినది. నేను చెప్పబోవు వ్యాధి సరిగా ఈ వయసువారిదే.

ముందుగా వ్యాధిని గూర్చి చెప్పుదును. పురుషుని మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళము బయలుదేరు చోట, దానిని ఉంగరమువలె చుట్టుకొని యొక చిన్న గ్రంథి కలదు. దీనిని వైద్యులు ప్రోస్టేటు గ్రంథి యందురు. తెలుగున పౌరుషగ్రంథి యనియు వ్రాయుచున్నారు. యౌవనమున ఇది యించుమించు 20 గ్రాముల తూకముండును. నలుబది దాటిన పిమ్మట పలువురిలో ఇది మెల్లమెల్లగా పెరుగును. ఉంగరము లోపలికి పెరిగినచో నడుమనున్న గొట్టము ఇఱుకగును గదా! అప్పుడు మూత్రధార సన్నగిల్లును, మొదలగుటకు ఆలస్యమగును, నడుమ ఆగి ఆగి వచ్చును, పోసి వచ్చినను ఇంకను మిగిలియున్నట్లే తోచును. రాత్రి మూడు నాలుగు మారులు లేవవలసివచ్చును. ఏబది మొదలు అరువది యేండ్ల లోపల సగముమందిలో ఈ పెరుగుదల కనబడును. ఎనుబది దాటినవారిలో నూటికి తొంబదిమందివరకు నుండును. అందరికిని బాధ కలుగదు గాని గ్రంథి పెరుగుట మాత్రము తల నెరయుటవలె వయసుతో వచ్చునదే. మన పూర్వులకును ఇది తెలియని బాధ గాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున మూత్రాఘాతములు పండ్రెండు చెప్పబడినవి. అందులో వాతాష్ఠీల యనునది రాతివలె గట్టి గడ్డయై మూత్రమార్గమును అడ్డగించునని యున్నది.

ఈ గ్రంథికి వచ్చు వ్యాధులు ముఖ్యముగా మూడు. వీనిని వేఱువేఱుగా తెలిసికొనవలెను. ఏలయనగా పింఛను విషయమునను వీని దారులు వేఱు. మొదటిది ఇప్పుడు చెప్పిన పెరుగుదల. ఇది క్యాన్సరు గాదు, క్యాన్సరుగా మాఱునదియు గాదు. రెండవది వాపు, సూక్ష్మక్రిములవలన వచ్చునది పడుచువారికిని రావచ్చును, చలిజ్వరము, మంట, పొత్తికడుపున నొప్పి దీని గురుతులు. మూడవది క్యాన్సరు. ఇది తొలిదశలో చాలమారులు ఏ గురుతును చూపదు. ముదిరి యెముకలకు ప్రాకినప్పుడు నడుమునొప్పిగా బయటపడును. వేలితో పరీక్షించుటవలనను, పి.ఎస్.ఎ. యను రక్తపరీక్షవలనను అనుమానము కలుగును. ముక్క తీసి పరీక్షించిననే నిశ్చయము. 1941లో చార్లెస్ హగ్గిన్సు అను వైద్యుడు పురుషరసమును తగ్గించినచో ఈ క్యాన్సరు తగ్గుముఖము పట్టునని చూపెను. ఆ పనికే 1966లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. నేటికిని ఆ చికిత్స వాడుకలో నున్నది.

పెరుగుదలకు చికిత్స సులభమే. నాళపు కండరములను సడలించు మాత్రలు గలవు. గ్రంథిని కుదించు మాత్రలు గలవు. మొదటి జాతి మాత్రలు మ్రింగినవారు మంచముపైనుండి తటాలున లేచినచో కన్నులు తిరిగి పడుట గలదు. కొంచెము కూర్చుండి లేవవలెను. మందులకు లొంగనిచో కడుపు కోయకుండ మూత్రమార్గముననే సాధనము పంపి అడ్డమున్న భాగమును తొలగింతురు. కాని ఇవన్నియు వైద్యునివద్దకు పోయినవారికి గదా!

మన పెద్దలు పోరు. నేను చూచినంతవరకు మా పల్లెలలో ఈ బాధ పడువారు మొదట చేయు పని నీళ్లు త్రాగుట తగ్గించుట. పిమ్మట పెండ్లికి పోవుట మానుదురు. బస్సులో మూడు గంటలు కూర్చుండలేమని భయము. ఆ పిమ్మట రచ్చకట్టకు వచ్చుటయు తగ్గింతురు. ఇంటివారు ముసలితనము వచ్చినదని యనుకొందురు. మా మెరకనేల యెండలలో నీళ్లు తగ్గించుట మరియొక కీడునకు దారితీయును. మూత్రము చిక్కనై మంటయు, రాళ్లును పుట్టును. ఇక ఒకనాడు చుక్కయైన రాక పొత్తికడుపు కుండవలె ఉబ్బును. అది క్షణమాలసింపరాని ఆపద. జలుబునకు అంగడిలో అడిగి తెచ్చుకొన్న మాత్రయొక్కటి చాలును, ఇఱుకుగా నున్న దారిని పూర్తిగా మూయుటకు. ఏండ్ల తరబడి మూత్రము నిలువయుండినచో మూత్రపిండములు చెడును. మూత్రములో రక్తము కనబడినను, మూత్రము బందైనను, చలిజ్వరముతో మంట కలిగినను మరునాటికి వాయిదా వేయరాదు. ఈ మూడు గురుతులు మాత్రము ఇంటిలోని ఆడువారికిని తెలిసియుండవలెను.

సిపాయిలకు ఈ సిగ్గు ఇతరులకన్న ఎక్కువ. ఫౌజులో జబ్బని చెప్పుకొనుట పిఱికితనముగా తలచు అలవాటు వారిది. చలిలో కావలి కాయునప్పుడు మూత్రమును ఆపుకొనుట, నొప్పి యున్నను రిపోర్టు చేయకుండుట, సెలవులో ఇంటికి వచ్చి ప్రైవేటు వైద్యునివద్ద మాత్రలు కొని తిరిగిపోవుట, ఇవి వారు గొప్పగా చెప్పుకొను సంగతులు. ఈ ఓర్పు మెచ్చుకొనదగినదే. కాని పింఛను దఫ్తరమువారు ఓర్పును చూడజాలరు. వ్రాసినదానిని మాత్రమే చూడగలరు.

ఇప్పుడు హక్కును గూర్చి. పింఛను సర్కారువారి దయాధర్మము గాదనియు, చేసిన సేవకు సంపాదించుకొన్న హక్కనియు మన సుప్రీముకోర్టు 1971లో దేవకీనందన ప్రసాదు వ్యాజ్యములోను, 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యములోను స్పష్టముగా చెప్పినది. కాబట్టి అడుగుటకు సిపాయి తల వంచుకొననక్కరలేదు. కాని సిపాయికి జబ్బు విషయమున రెండు హక్కులు గలవు, రెండును వేఱు. ఒకటి చికిత్స హక్కు. రెండవది వైకల్యపు పింఛను హక్కు. ఈ రెండింటిని కలిపి చూచుటవలననే మా ప్రక్క పెక్కు అర్జీలు వ్యర్థమగుచున్నవి.

చికిత్స హక్కు సులభమైనది. 2003 ఏప్రిల్ 1నుండి మాజీ సైనికులకు ఇ.సి.హెచ్.ఎస్. అను వైద్యపథకము నడచుచున్నది. పింఛను పొందు మాజీ సైనికుడు ఒకమారు చందా చెల్లించి ఇందులో చేరవచ్చును. 1996 జనవరి 1కి పూర్వము విరమించినవారికి ఆ చందాయు లేదు. చేరుటకు వయసు అడ్డము గాదు. ఇదివరకే జబ్బు ఉన్నను అడ్డము గాదు. జబ్బు ఫౌజులో వచ్చినదా, ఇంటివద్ద వచ్చినదా యని ఇందులో ఎవరును అడుగరు. కార్డు చూపి పథకపు పాలిక్లినికునకు పోయినచో అక్కడివారు పరీక్షించి, అవసరమైనచో పెద్ద ఆసుపత్రికి పంపుదురు. పెరిగిన గ్రంథికి గాని, క్యాన్సరునకు గాని మన సిపాయి మొదట పట్టవలసిన దారి ఇదియే. పింఛను లేకుండ విరమించినవారు సర్కారు ఆసుపత్రికో, ఆరోగ్యశ్రీకో పోవచ్చును. నేను ఎరిగిన కొందరు వైకల్యపు పింఛను తేలినగాని వైద్యము చేయించుకొనరాదని ఏండ్లు గడిపినారు. ఇంతకన్న పెద్ద పొరపాటు లేదు. వైద్యము చేయించుకొన్నందున హక్కు పోదు.

రెండవ హక్కు కఠినమైనది. 1961 నాటి సైనిక పింఛను నిబంధనలలో 173వది దీనికి మూలము. దానిప్రకారము రెండు సంగతులు తేలవలెను. వైకల్యము సేవవలన పుట్టియుండవలెను, లేక సేవవలన ముదిరియుండవలెను, ఇది యొకటి. దాని కొలత నూటికి 20కి తగ్గరాదు, ఇది రెండవది. సిపాయి ఫౌజు విడుచునప్పుడు వైద్యుల బోర్డు కూర్చుండి ఈ రెంటిని వ్రాయును. సేవవలన పుట్టినదియు గాదు, సేవవలన ముదిరినదియు గాదు అని వారు వ్రాసినచో అర్జీ అక్కడనే ఆగును. మా పల్లెలకు వచ్చు తిరస్కారపు ఉత్తరములలో నూటికి తొంబది ఈ వాక్యముతోనే వచ్చునని నేను చెప్పినచో అతిశయోక్తి యనుకొనకుడు. నేను చదివినవాని సంగతి చెప్పుచున్నాను.

ఆ వాక్యముతో అంతయు ముగిసినట్లు గాదు. 1982 నాటి హక్కు నియమములలో సిపాయికి అనుకూలమైన మాటలు గలవు. చేరునాడు వైద్యులు చూచి ఏ జబ్బును వ్రాయనిచో, అతడు ఆనాడు ఆరోగ్యవంతుడనియే భావింపవలెను. పిమ్మట వచ్చిన జబ్బు సేవలో వచ్చినదని సాధారణముగా తలపవలెను. హక్కును రుజువు చేయుమని సిపాయిని నిర్బంధింపరాదు. సందేహము కలిగినచో దాని లాభము అతనికే ఈయవలెను. సుమారు 9 సంవత్సరములు సేవచేసి, మూర్ఛరోగముచేత 1994లో పంపివేయబడిన ధరమ్ వీర్ సింగు అను సిపాయి వ్యాజ్యములో సుప్రీముకోర్టు 2013 జులై 2న ఈ నియమములనే నిలిపినది. కారణము చెప్పకుండ బోర్డు వ్రాసిన ఒంటిమాట చాలదని తీర్పు. అయితే 2019లో నర్సింగ్ యాదవు అను మరియొకని వ్యాజ్యములో అదే న్యాయస్థానము, ఈ తలంపును యంత్రమువలె ప్రతి జబ్బునకు అంటగట్టరాదనియు, బోర్డు కారణము చూపినచో దానికి విలువ యీయవలెననియు చెప్పినది. రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తేలునదేమి? వివాదమంతయు కారణముపై నున్నది. బోర్డు కారణము వ్రాసినదా? ఆ కారణమునకు ఎదురుగా సిపాయివద్ద నేమున్నది?

ఇక మన వ్యాధికి ఈ గీటురాయిని తగిలింతము. సాధారణముగా సిపాయి ముప్పది యైదు నలుబది యేండ్లకే ఫౌజు విడుచును. గ్రంథి బాధ అరువదికి వచ్చును. నడుమ ఇరువదేండ్లు ఎడము. గ్రంథి పెరుగుటకు మూలము వయసును, పురుషరసమును అని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కాబట్టి విరమించిన ఇరువదేండ్లకు వచ్చిన పెరుగుదలకు వైకల్యపు పింఛను కోరుట వట్టి ఆశ. నావద్దకు వచ్చినవారికి ఈ మాట మొగముమీదనే చెప్పుచున్నాను. విరమించిన కొలది కాలమునకు బయటపడిన జబ్బు సేవలోనే మొలకెత్తినదని వైద్యులు స్థాపించినచో ఒప్పుకొనుటకు నియమములలో చోటు కలదు. కాని దానికి గడువు కలదు, ఋజువును కావలెను.

అయితే కొందరి సంగతి వేఱు. సుబేదారులు, అధికారులు ఏబది దాటువరకు సేవలో నుందురు. ఫౌజు విడిచిన సిపాయిలలో పలువురు రక్షణశాఖవారి డి.యస్.సి. యను కావలిదళములో మరల చేరి ఏబదిదాటువరకు ఆయుధాగారములను, కర్మాగారములను కాయుదురు. వీరికి గ్రంథిబాధ సేవలోనే మొదలగును. పడుచువయసున సేవలో వచ్చిన వాపు ముదిరి నిలిచిపోవుట, దెబ్బతగిలి మూత్రమార్గము చెడుట, వైద్యము దొరకని చోట నిలిపియుంచినందున బాధ పెరుగుట, ఇట్టివి వాదమునకు నిలువగల సంగతులు. వ్యాధి వయసువలన పుట్టినను సేవవలన ముదిరినదని చూపగలిగినచో నిబంధన దానిని ఒప్పుకొనును.

మా ప్రక్క ఇద్దరు స్నేహితులు గలరు. పేర్లు చెప్పుట ఉచితము గాదు. ఇద్దరును ఒకే దళమున మొదట పనిచేసి, పిమ్మట ఒకే కావలిదళమున చేరిరి. ఇద్దరికిని ఏబది దాటిన పిమ్మట రాత్రి కావలిలో ఈ బాధ మొదలాయెను. ఒకడు రిపోర్టు చేసెను. తోటివారు నవ్విరి. అయినను అతని వైద్యపు పుస్తకములో తేదీతో సహా వ్రాత పడినది; ఆసుపత్రిలో చేర్చుకొన్న చీటి పుట్టినది; రాత్రి కావలి తగ్గింపవలెనని వైద్యుడు వ్రాసిన మాటయు పడినది. రెండవవాడు సిగ్గుపడి ఊరకుండి, సెలవులలో కొన్న మాత్రలతో కాలము గడిపెను. విడుచునాడు బోర్డు మొదటివానికి జబ్బు నున్నదని వ్రాసి, సేవకు సంబంధము లేదనెను. రెండవవానికి జబ్బే లేదని వ్రాసెను. అతడును లేదనియే సంతకము చేసెను. మొదటివాని అప్పీలు నేను వ్రాసిపెట్టితిని. అది విచారణలో నున్నది. గెలుచునో ఓడునో నేను చెప్పజాలను. కాని న్యాయాధిపతి చూచుటకు అతనిచేత కాగితమున్నది. రెండవవానికి ఎంత బాధ పడినను వ్రాయుటకు నాకు మొదటి వాక్యము దొరకలేదు.

ఈ సంగతి మన దేశములోనే గాదు. అమెరికావారు 1962 మొదలు 1971 వరకు వియత్నాము అడవులపై ఆకులు రాల్చు విషమును విమానములతో చల్లిరి. నారింజరంగు పట్టీగల పీపాలలో వచ్చినందున దానికి ఏజెంట్ ఆరెంజి యని పేరు. అందులో డయాక్సిను అను విషము కలిసియుండెను. తిరిగివచ్చిన సైనికులు ఏండ్లతరబడి పోరాడిన పిమ్మట 1991లో చట్టము వచ్చినది. 1996లో ప్రోస్టేటు క్యాన్సరును ఆ విషముతో సంబంధముగల వ్యాధుల పట్టికలో చేర్చిరి. అప్పటినుండి వియత్నాములో సేవచేసినట్లు కాగితము చూపి, క్యాన్సరున్నట్లు వైద్యుని మాట చూపినచో చాలును. విషము తనను తాకినదని సైనికుడు వేఱుగా రుజువు చేయనక్కరలేదు. చికిత్స సాగునంత కాలము నూటికి నూరు వైకల్యముగా లెక్కింతురు. కాని గమనింపుడు: ఆ పట్టికలో క్యాన్సరు కలదు, వయసుతో వచ్చు వట్టి పెరుగుదల లేదు. ధనవంతమైన ఆ దేశమును రెంటికిని నడుమ గీత గీసినది. మన దేశమున ప్రోస్టేటు క్యాన్సరునకు అట్టి పట్టిక లేదు. ఒక్కొక్కని సేవాచరిత్రనుబట్టి ఒక్కొక్క వ్యాజ్యము తేలవలసినదే. అందుచేత మన సిపాయికి కాగితపు విలువ అమెరికా సైనికునికన్న ఎక్కువ.

లెక్కయు చెప్పుదును. నూటికి నూరు వైకల్యమునకు కడపటి జీతములో నూటికి 30 పాళ్లు వైకల్యభాగముగా లెక్కకట్టుదురు. 2001 జనవరి 31 నాటి రక్షణశాఖ ఉత్తరువు ననుసరించి 50కి తక్కువైన వైకల్యమును 50గాను, 50నుండి 75 వరకున్నదానిని 75గాను, ఆపైదానిని 100గాను లెక్కింతురు. వయసు నిండి విరమించినవారికిని ఈ లాభము చెందునని 2014 డిసెంబరు 10న రామావతారు వ్యాజ్యములో సుప్రీముకోర్టు తేల్చినది. కడపటి జీతము 40,000 రూపాయలైనచో నూటికి 30 చొప్పున 12,000. 20 వైకల్యము 50గా లెక్కింపబడినచో అందులో సగము, అనగా నెలకు 6,000 రూపాయలు. మా చెలకలలో ఒక యెకరపు కందిపంట మిగులునదెంతయో మీకు తెలియును. 2023 సెప్టెంబరు 21నుండి క్రొత్త నియమములు వచ్చినవి. ఆ పిమ్మట విరమించినవారు వానినే చూచుకొనవలెను.

ఆలస్యమునకును వెల కలదు. 2008లో తార్సెం సింగు వ్యాజ్యములో సుప్రీముకోర్టు, ఆలసించి వచ్చినవానికి హక్కున్నను వెనుకటి బాకీ మూడేండ్లకు మాత్రమే ఈయవలెనని చెప్పినది. పదునైదేండ్లు ఊరకుండి వచ్చినవాడు పండ్రెండేండ్ల సొమ్ము వదలుకొన్నట్లే. అంతేగాక 2008 నియమములలో మరియొక మాట కలదు: విరమించి 15 ఏండ్లు దాటి, సర్కారువద్దనున్న సేవాపత్రములు గడువు తీరి నశించిన పిమ్మట అర్జీ పెట్టినచో, రుజువు చేయు భారము సిపాయిపైననే పడును. సర్కారువారి బీరువాలో కాగితమునకు ఆయుష్షు కలదు. మన ట్రంకుపెట్టెలోని కాగితమును మనమే కాపాడుకొనవలెను.

కాబట్టి చేయవలసిన పని యిది. డిశ్చార్జి పుస్తకము, పింఛను ఆర్డరు, ఫౌజు ఆసుపత్రి చీటీలు, విడుపు బోర్డు కాగితము, తిరస్కారపు ఉత్తరము, ఇవన్నియు ఒక సంచిలో నుంచి, నకళ్లు తీయించి వేఱొక చోట నుంచవలెను. ఇంటి ఇల్లాలికి ఆ సంచి యెక్కడనున్నదో తెలియవలెను. బోర్డు కాగితము లేనిచో తన దళపు రికార్డు ఆఫీసునకు వ్రాయవలెను: ఇ.యం.ఇ. వారిదియు, ఆర్డినెన్సు వారిదియు సికిందరాబాదుననే గలవు. మద్రాసు శాపర్లది బెంగుళూరు, మద్రాసు రెజిమెంటుది వెల్లింగ్టను, ఫిరంగిదళముది నాసిక్, డి.యస్.సి.ది కన్ననూరు. వారు బదులీయనిచో 2005 సమాచార హక్కు చట్టముక్రింద అడుగవచ్చును. తిరస్కారము వచ్చినచో మొదటి అప్పీలు, దానిపై రెండవ అప్పీలు గలవు. అవియు తీరిన పిమ్మట సాయుధదళముల ట్రిబ్యునలు కలదు. ఇది 2007 చట్టమువలన ఏర్పడి 2009లో పని మొదలుపెట్టినది. తెలంగాణమువారి వ్యాజ్యములు చెన్నై శాఖక్రింద గలవు. తుది తిరస్కారమునకు ఆరునెలల లోపల అక్కడికి పోవుట మేలు. సైనిక సంక్షేమ కార్యాలయమువారు ఈ అర్జీలకు సాయము చేయుదురు. దానికి రుసుము లేదు. వచ్చు సొమ్ములో పాలు ఇమ్మని ముందుగా సంతకము చేయించుకొను దళారులను వాకిట నిలువనీయకుడు.

అప్పీలులో వ్రాయవలసినది బాధను గూర్చిన పొడుగు కథ గాదు. చేరునాడు ఆరోగ్యముగా నుంటిననియు, ఫలానా సంవత్సరమున ఫలానా చోట జబ్బు మొదటిమారు వ్రాతలో పడినదనియు, అక్కడి పని యిట్టిదనియు, బోర్డు కారణము చెప్పలేదనియు, లేక చెప్పిన కారణమునకు నా సమాధానమిదియనియు నాలుగు పేరాలు చాలును. అబద్ధమొక్కటియు కూడదు. ఒక సిపాయి వ్రాసిన దొంగ తేదీ పదిమంది నిజమైన అర్జీలపై అనుమానము తెచ్చును. ఇంటివద్ద వచ్చిన జబ్బును ఫౌజుమీద నెట్టుమని అడుగువానికి మీరు పెద్దలుగా కాదని చెప్పవలెను. చికిత్సకు దారి చూపవలెను.

పెద్దలారా, ఇందులో మీ పాలి పని మొదటి ముడిని విప్పుట. సిపాయి సేవలో నుండగనే సెలవునకు వచ్చినప్పుడు, నాయనా, బాధ యేమైన నున్నచో అక్కడనే చెప్పి వ్రాయించుకొనుమని చెప్పుడు. విరమించి వచ్చిన ముసలివాడు రచ్చకట్టకు రాకపోయినచో, ఎందుకు రాలేదని కబురంపుడు. మీకును అదే బాధ యుండవచ్చును. ఉన్నచో మీరే ముందుగా నోరు విప్పుడు. పెద్దవాడు చెప్పినచో చిన్నవానికి సిగ్గు తీరును. యుద్ధమున గాయపడుట చెప్పుకొనదగిన సంగతియై, వయసున మూత్రము బందగుట దాచుకొనవలసిన సంగతి యగుట న్యాయము గాదు. రెండును ఒకే దేహమునకు వచ్చినవి. ఆ దేహము కొంతకాలము మన ఎల్లలను కాచినది.

ఇంతతో నా ప్రసంగము ముగించుచున్నాను. సెలవు.